కాగితం నిండా నేల

నేను చెప్పే మాటల్లో సగం అబద్ధాలేనని మా ఇంటావిడ నలుగురిలో అంటుంది. సగమే అనడం ఆవిడ మంచితనం. విజయనగరంలో మా వీధి మొగలో టీ కొట్టు దగ్గర అడిగితే ముప్పాతిక అంటారు. భోగాపురం మీదుగా మా డ్రోను ఎగురుతుంటే, కింద విమానాశ్రయం కడుతున్న కూలీలు మొదటి విమానం వచ్చేసిందనుకుని పని ఆపి చప్పట్లు కొట్టారని చెప్పాను. టీ కొట్టంతా నవ్వింది గానీ ఒక్కడూ నమ్మలేదు. బొబ్బిలిలో వీణలు చేసే ఇంటి మీద అదే డ్రోను కాసేపు ఆగితే, ఇంకా తీగలు కట్టని వీణ దానంతటది శ్రుతి పలికిందని చెప్పాను. అది మాత్రం ఇద్దరు నమ్మారు.

నమ్మకూడని మాటని నమ్మించడం నాకు పెద్ద కష్టం కాదు. నమ్మి తీరాల్సిన మాట ఒకటి ఎవరిచేతా నమ్మించలేక, కిందటేడు ఎండాకాలం సముద్రం ఒడ్డున ఇసకలో నిలబడి చేతులు నలుపుకున్నాను. ఇది ఆ సంగతి. ఇందులో ఎక్కడైనా నా చెయ్యి పడినట్టు అనిపిస్తే అలవాటుగా పడిందనుకోండి. ముఖ్యమైన చోట పడలేదు.

నా పని కంప్యూటరు మీద పటాలు గీయడం, వాటిని అచ్చు తీయడం. ఊళ్ళల్లో ఇళ్ళ స్థలాలు కొలిచే పనిని మా చిన్న సంస్థ కాంట్రాక్టుకు తీసుకుంది. పొలాలకైతే తాతలనాటి లెక్కలున్నాయి. ఊరి లోపలి ఇళ్ళకీ దొడ్లకీ ఎవరూ ఎప్పుడూ కొలత పెట్టలేదు. తాటిమట్టల దడి ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకా ఒకరిది. గాలివానకి ఆ దడి పడిపోతే, మళ్ళీ కట్టేటప్పుడు అటో ఇటో మూరెడు జరుగుతుంది. అదే కొలత, అదే తగువు. ఇప్పుడు డ్రోను పైకి వెళ్ళి ఫొటోలు తీస్తే, ఆ ఫొటోల మీద మేము ప్రతి ఇంటి స్థలం చుట్టూ గీత గీసి, స్థలానికో కాగితం చొప్పున అచ్చు తీసి ఊళ్ళో పంచాలి. తప్పుందన్నవాళ్ళు అభ్యంతరం రాసివ్వాలి. ఎవరూ ఏమీ అనకపోతే ఆ గీతే ఖాయం.

గీతలు గీయడం నాకు ఇష్టమే. అచ్చు తీయడమే ప్రాణం తీసేది. స్థలాన్ని తెర మధ్యకి జరపాలి, పెద్దది చేయాలి, పైన ఇంటి నంబరు కొట్టాలి, నాలుగు పక్కలా ఎవరెవరున్నారో రాయాలి, ప్రింటు నొక్కాలి. మళ్ళీ పక్కింటికి వెళ్ళి ఇదంతా మొదటినుంచి చేయాలి. ఒక ఊరికి వందల ఇళ్ళు. మొదటి ఊరు అయ్యేసరికి నా చూపుడువేలు అన్నం కలుపుతున్నా కంచం మీద టకటకా నొక్కుతోందని మా ఆవిడ భయపడింది.

అందుకని మాక్రో రాశాను. మాక్రో అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. మనం చేతితో చేసే పనుల్ని ఒకదాని కింద ఒకటి రాసిపెడితే, మనం కుర్చీలో లేకపోయినా సాఫ్ట్‌వేరు వాటిని అదే వరుసలో చేసుకుపోతుంది. మొదటి స్థలానికి వెళ్ళు, దాన్ని కాగితంలో చూపించు, నంబరు వెయ్యి, అచ్చు తియ్యి, తర్వాతి స్థలానికి వెళ్ళు. ఊరు అయిపోయేదాకా ఇదే. నేను పొద్దున్నే వచ్చి ఒక మీట నొక్కి, టీ తాగి, రైల్వే స్టేషను దాకా నడిచి, ఇంకో టీ తాగి వచ్చేసరికి సగం ఊరు ట్రేలో వెచ్చగా పడి ఉండేది. సాలూరు కొండల్లో ఒక మంత్రగాడి దగ్గర ఉపదేశం పుచ్చుకుని వచ్చానని ఆఫీసులో చెప్పాను. మా ఆఫీసు ఊడ్చే అమ్మ ఆ రోజు నుంచి ప్రింటరుకి దూరంగా ఊడ్చేది.

మొదట నేను మాక్రోని వేరే తీరుగా రాశాను. ఊరు మొత్తానికీ ఒకటే స్కేలు పెట్టాను. పెద్ద స్థలం పెద్దగా, చిన్న స్థలం చిన్నగా రావాలి కదా. మచ్చుకి పది కాగితాలు తీసి మా పెద్దసారుకి చూపించాను. ఆయన ఒక కాగితం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, దగ్గరగా దూరంగా పెట్టి చూశాడు. తెల్లటి కాగితం నడుమ చొక్కా గుండీ అంత ఇల్లు.

"ఇదేంటయ్యా, జనానికి భూతద్దాలు కూడా మనమే పంచాలా?" అన్నాడు.

కాగితం నిండా రావాలన్నాడు. ఒక్క వరుస మార్చాను. ప్రతి స్థలాన్నీ కాగితానికి సరిపోయేటంతగా పెంచో తగ్గించో చూపించమని. పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాడు ఉంటాడు చూడండి. ఆకు ముందు కూర్చున్నది పసివాడా, పహిల్వానా అని చూడడు, ఆకు నిండిందా లేదా అన్నదే వాడి లెక్క. నా మాక్రో అలాంటిదైంది. రెండు గదుల పెంకుటింటికీ ఒక కాగితం నిండుగా, బడి ఆటస్థలానికీ ఒక కాగితం నిండుగా. ఏ కాగితం ఎంత స్కేలో కింద మూలన ఉంది. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. కొలతలు గీతల మీద పడి గజిబిజిగా ఉన్నాయని పెద్దసారు తీయించాడు. ముసాయిదానే కదా, ఖాయం ప్రతిలో వేద్దామన్నాడు. కింద డ్రోను ఫొటో ఉంటే ఇంకు తాగేస్తోందని అదీ తీయించాడు. మిగిలింది గీత, నంబరు, నాలుగు పక్కల పేర్లు. చూడ్డానికి చాలా శుభ్రంగా ఉంది. నాకూ నచ్చింది.

ఆ మాక్రో అచ్చు తీసిన ఊళ్ళల్లో ఒకటి భోగాపురం అవతల సముద్రం ఒడ్డున ఉంది. అందరూ చేపల వేటకి వెళ్ళేవాళ్ళే. డ్రోను ఎగరేసిన రోజుల్లో ఆ ఊళ్ళో నాకు మంచి పలుకుబడి ఉండేది. డ్రోను ఎగరేసేవాడు ఎండలో నిలబడితే, నేను బోర్లించిన బోటు నీడలో కూర్చుని వలలు బాగుచేసుకునేవాళ్ళకి కథలు చెప్పేవాణ్ణి. పైనుంచి చూస్తే ముక్కుపుడకలో ఎన్ని రాళ్ళున్నాయో తెలిసిపోతుందన్నాను. ఎస్.కోట సంతలో డ్రోను ఎగిరితే ఆ ఫొటోలో వచ్చే వారం సంత కూడా పడిందన్నాను. ఎవరో ముసలాయన, మరి ఇది తప్పు గీసేస్తే ఏటి గతని అడిగాడు. మనిషి తప్పుతాడు గానీ ఇది తప్పదు తాతా అన్నాను. ఆ ఒక్కటీ నేను కథగా చెప్పలేదు. నిజంగానే అనుకున్నాను. గీతలు ఇప్పటికీ తప్పు కావు.

బోటు నీడలో కూర్చునేవాళ్ళకి టీ తెచ్చేది ఒకావిడ. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. పెనిమిటి పోయి చాలాకాలమైంది. ఆమెకి ఊరి చివర, సముద్రం వైపు, చిన్న ఇల్లూ దాని వెనక పొడుగ్గా ఇసక దొడ్డీ ఉన్నాయి. ఆ దొడ్లోనే నెత్తళ్ళు, కవళ్ళు లాంటి చిన్న చేపలు ఎండబెట్టి, గంపలకెత్తి ఎస్.కోట సంతకీ విజయనగరానికీ పంపుతుంది. ఆమె బతుకంతా ఆ దొడ్డి, దాని మీద పడే ఎండ, సముద్రం నుంచి దూసుకొచ్చే గాలి. ఆమె మరిదికి రోడ్డు పక్కన ఇల్లుంది. ఇల్లంటే ఇల్లే, వెనక మంచం వాల్చే చోటు కూడా లేదు. వేట సరిగ్గా సాగక అతను ఇబ్బందుల్లో ఉన్నాడు. విమానాశ్రయం వస్తోంది కదా, సముద్రం కనిపించేలా నాలుగు గదులు కడితే లాడ్జిగా నడుపుకుంటానని ఎవరో చెబితే, అతనికి వదినగారి దొడ్డి మీద ఆశ పుట్టింది. మంచివాడే. దౌర్జన్యం చేసే రకం కాదు. ఊరికే ఆశపడ్డాడు.

కాగితాలు పంచిన కొన్నాళ్ళకి, అందినట్టు సంతకాలు తీసుకోవడానికి వెళ్ళాను. వలలు పెట్టుకునే పాక ముందు జనం గుమిగూడి ఉన్నారు. ఒకడి కాగితం మీద ఇంకొకడి కాగితం పెట్టి, రెండూ కలిపి ఎండకెత్తి చూస్తున్నారు. గీతలు ఎక్కడ కలుస్తున్నాయి, ఎవరిది ఎంత బయటికి వచ్చింది అని. చీర అంచుకి రవికగుడ్డ ఆనించి చూసుకున్నట్టుంది వాళ్ళ వ్యవహారం. నాకు నవ్వొచ్చింది. ఈ ముచ్చట టీ కొట్టులో ఎలా చెప్పాలా అని లోపల అల్లుకుంటూనే ఉన్నాను.

అప్పుడు ఆవిడ టీ తెచ్చి ఇస్తూ, తన ఇల్లూ మరిది ఇల్లూ మారకం వేసుకుంటున్నామని చెప్పింది. గంగమ్మ పేరు చెప్పి మాట ఇచ్చేసుకున్నారట, ఆదివారం కులపెద్ద ముందు ఖాయం. ముక్కకి ముక్క. ఆమెకి రోడ్డు పక్క ఇల్లు, అతనికి సముద్రం పక్కది.

టీ గ్లాసు కింద పెట్టాను. ఆ గీతలు రెండూ గీసింది నేను. ఆమె దొడ్డి అతని ఇంటికి నాలుగింతలు ఉంటుంది. నీది పెద్దది కదమ్మా అన్నాను.

"అలాగే అనుకున్నాను బావూ ఇన్నాళ్ళూ," అంది. "కాయితం వచ్చినాక తెలిసింది. మా మరిదిదీ నాదీ సమానంగా ఉన్నాది. ఇల్లు కాడ కాసింత నాదంట. మిగతా ఇసకంతా సముద్రానిది, గవర్మెంటుదీ. రేపో మాపో కంచె ఏసెత్తారు. ఆ కాసింత ఇసక నానేటి సేసుకుంటాను? రోడ్డుమీదకెళ్తే బస్సు దిగినోళ్ళు కొనుక్కుంటారు."

రెండు కాగితాలూ చూపించింది. మా మాక్రో రెండు ఆకులూ నిండుగా వడ్డించింది. అతని ఇల్లు కాగితం నిండా ఉంది. ఆమె దొడ్డీ కాగితం నిండా ఉంది. గీసిన గీత మొగలిపొదల దాకా వెళ్ళిందని నాకు తెలుసు. కానీ ఆ కాగితంలో మొగలిపొదలు లేవు, బోట్లు లేవు, ఇసక లేదు. తెల్లటి దాంట్లో ఒక నల్లటి గీత ఉంది. ఆమె తన దొడ్లో తను రోజూ నడుస్తూనే, దొడ్లో మూడొంతులు ఎప్పుడో పోయిందని నమ్మేసింది. ఎప్పుడో ఒకనాడు ఎవరో వచ్చి పట్టుకుపోతారని ముందునుంచీ ఉన్న భయం కాబోలు, కాగితం దాన్ని ఖాయం చేసిందంతే.

చెప్పాను. శక్తికొద్దీ చెప్పాను. అమ్మా, ఇది కంప్యూటరు చేసిన పని. చిన్న స్థలాన్ని పెద్దది చేసి, పెద్ద స్థలాన్ని చిన్నది చేసి, అన్నిటినీ కాగితం నిండా చూపిస్తుంది. కాగితంలో సమానంగా ఉన్నంత మాత్రాన నేల మీద సమానం కాదు. కింద మూలన స్కేలు రాసి ఉంది, చూడండి. నా చుట్టూ జనం చేరారు. అందరూ ఆసక్తిగా విన్నారు. నా పక్కనే కులపెద్ద కూడా ఉన్నాడు, ఆమెకి వరసకి మామ. ఆయన బీడీ నోట్లోంచి తీసి మెచ్చుకోలుగా తలూపాడు.

"కాయితం నిండా సాగదీసెత్తాది. అప్పడాల కర్రేటి బావూ నీ మిషనీ?"

పాక ముందు నవ్వులు. ఎవడో వచ్చే వారం సంత కథ ఎత్తాడు. ఇంకొకడు, బాగుందిగానీ ఎస్.కోటదే బాగుందన్నాడు. ఇది కథ కాదన్నాను. ముక్కుపుడక కూడా కథ కాదన్నావు కదా అన్నారు. అప్పుడు ఆ ముసలాయన, తప్పు గీస్తే ఏటి గతని ఆనాడు అడిగినాయన, అందరినీ ఊరుకోమని చెయ్యి చూపించి చాలా గౌరవంగా నా మాట నాకే అప్పజెప్పాడు. "మనిసి తప్పుతాడు గానీ అది తప్పదని నువ్వే సెప్పినావు. ఇప్పుడు కాదంటే ఎలాగ?"

అబద్ధాలకోరుగా పేరుపడ్డవాడు నిజం చెప్పాల్సి వస్తే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. గొంతు పెంచితే నాటకమంటారు. తగ్గిస్తే కథ రక్తి కట్టలేదంటారు. నేను ఎంత వివరంగా చెబితే వాళ్ళకి అంత బాగా కుదిరిన కథ అనిపిస్తోంది. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఖాళీ గ్లాసులు ఏరుకుని వెళ్ళిపోయింది.

ఆఫీసుకి వచ్చి మాక్రో తెరిచాను. మార్చాల్సింది అదే ఒక్క వరుస. మార్చి, ఆ ఊరికి మళ్ళీ అచ్చు తీసి ఇచ్చేద్దామని పెద్దసారుతో అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. ఊరంతా పంచేసినవాటిని వెనక్కి తీసుకుంటే పైవాళ్ళు ఎందుకని అడుగుతారు. గీతలు తప్పా? కాదు. మరి దేనికి? ఆ ఇంటావిడే అభ్యంతరం రాసిస్తే ఆమె ఒక్కదానికీ మళ్ళీ తీసివ్వొచ్చన్నాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, అదే వచ్చిన చిక్కు. పోనీ పాత స్కేలు పెట్టి తీస్తే బడి ఆటస్థలం నాలుగు కాగితాల మీదికి పోతుంది, ఆమె మరిది ఇల్లు మళ్ళీ గుండీ అయిపోతుంది. వరుస అటు మార్చాను, ఇటు మార్చాను. అటు పెడితే ఒక అబద్ధం, ఇటు పెడితే ఎవరికీ కనపడని నిజం.

మర్నాడు ఆమె దగ్గరికే వెళ్ళాను. అభ్యంతరం రాసిమ్మన్నాను, నేనే రాస్తాను, వేలిముద్ర వేస్తే చాలన్నాను. ఆమె చేపలు తిప్పుతూ విన్నది. సముద్రం మీంచి గాలి కొడుతోంది. ఎండిన నెత్తళ్ళు ఆ గాలికి వెండి రేకుల్లా కదులుతున్నాయి. ఆ దొడ్డి చివర నిలబడి, ఇది నీదే, ఇదంతా నీదే అని చేత్తో చూపిస్తున్నాను. ఎండలో ఒక మగవాడు ఇసక చూపిస్తూ ఊగిపోతుంటే చూసేవాళ్ళకి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"వొద్దు బావూ," అంది చివరికి. "ఇప్పుడు నాను రాసిచ్చినాననుకో, మళ్ళీ కొలుస్తారు. ఈమాటు ఆ ఉన్న కాసింతా కూడా తీసెత్తే? నానేటి సెయ్యను?"

నేను బతికుండగా అలా జరగదని చెప్పొచ్చు. అలాంటివి బోలెడు చెప్పి ఉన్నాను.

ఆదివారం పొద్దున మా ఆఫీసుకి సెలవు. తాళంచెవి నా దగ్గర ఉంది. మాక్రోని ముట్టుకోకుండా, మొదటి ఊరికి చేసినట్టు చేత్తో ఒకే ఒక్క కాగితం సిద్ధం చేశాను. పెద్ద సైజు కాగితం. ఆమె స్థలం, మరిది స్థలం, మధ్యలో ఉన్న వీధి, అన్నీ ఒకే బొమ్మలో, ఒకే స్కేలులో. కింద డ్రోను ఫొటో కూడా పెట్టాను. ఇంకు తాగితే తాగిందిలే అనుకున్నాను. ప్రింటరు ఆ ఒక్క కాగితాన్నీ బయటికి తోయడానికి పట్టిన సేపు, నా జీవితంలో నేను ఎదురుచూసిన పరీక్ష ఫలితాలకి కూడా పట్టలేదు. కాగితం చుట్ట చుట్టుకుని బస్సెక్కాను.

పాక ముందు అప్పటికే కూర్చుని ఉన్నారు. కులపెద్ద నడుమ, మరిది ఒక పక్క, ఆమె కాస్త ఎడంగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. కొందరు నన్ను చూసి చోటిచ్చారు. కథ వచ్చిందని సంతోషం వాళ్ళకి. నేను కాగితం ఇసకలో పరిచి, నాలుగు మూలలా నాలుగు గవ్వలూ రాళ్ళూ పెట్టాను. ఏం చెప్పాలో బస్సులో వచ్చినంతసేపూ అనుకున్నాను. మూడు రకాలుగా మొదలు పెట్టుకున్నాను. తీరా ఆమె ముఖం చూసేసరికి ఒక్కటీ నోటికి రాలేదు. చెబితే నవ్వుతారు, నవ్వితే అయిపోతుంది. ఊరికే కూర్చున్నాను.

మొదట ఎవరూ కాగితం చూడలేదు, నన్నే చూశారు. ఎంతకీ నేను నోరు విప్పకపోయేసరికి వంగి చూడ్డం మొదలుపెట్టారు. ఒకడు తన బోటు గుర్తుపట్టాడు. ఇంకొకడు తన ఇంటి మీద ఆరేసిన దుప్పటి చూసుకున్నాడు. ఆవిడ మోకాళ్ళ మీద జరిగి జరిగి వచ్చింది. సముద్రానికీ ఇంటికీ మధ్య ఫొటోలో పొడుగ్గా, తెల్లగా మెరిసే చారలు కనపడ్డాయి. డ్రోను ఎగిరిన రోజు ఎండబెట్టిన నెత్తళ్ళు. ఆ చారలన్నిటినీ కలుపుకుని, మొగలిపొదల దాకా నల్లటి గీత వెళ్ళింది. ఆమె ఆ గీత మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది. తర్వాత రోడ్డు పక్కన ఉన్న మరిది ఇంటి మీద అదే వేలు పెట్టింది. వేలు కిందే ఇల్లు దాదాపు కనపడకుండా పోయింది.

మరిది కూడా చూశాడు. అతని ముఖం పాలిపోయింది. అతనికీ తెలియదు మరి.

"దీన్ని కూడా సాగదీసినావేటి?" అన్నాడు ఎవడో వెనకనుంచి. నేను తల కూడా తిప్పలేదు.

"ఈ బావు ఈరోజు ఏటీ సెప్పట్లేదు," అంది ఆవిడ, కులపెద్ద వైపు చూసి. "నిజమే అయ్యుంటాది మావా."

నాకు అవమానమో సంతోషమో తేల్చుకునే తీరిక లేదు. తప్పిందనుకున్నాను గండం. తప్పలేదు. కులపెద్ద బీడీ ఆర్పి, మాట ముందే ఇచ్చేసుకున్నారు కదమ్మా అన్నాడు. గంగమ్మ పేరు చెప్పి ఇచ్చుకున్న మాట అక్కడ కాగితం కంటే బలమైనది. ముసాయిదా ఉండదు, అభ్యంతరం ఉండదు. ఆమె కూడా కాదనలేదు. వద్దులే అని మరిది అంటే సరిపోయేది. ఆ మాట అతని పెదాల దాకా రావడం నేను చూశాను. నాలుగు గదులు మళ్ళీ దాన్ని లోపలికి లాగేశాయి.

ఆవిడ కాగితం మీంచి తలెత్తింది. "మాట తప్పను మావా. ముక్కకి ముక్కే అన్నాను. ఆడి ముక్కెంతో నా దొడ్లో అంతే ఇత్తాను. ఎక్కువెందుకియ్యాలి?"

పెద్దలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కాదనడానికి లేదు. వేట నుంచి వచ్చిన చేపలు ఒడ్డున కుప్పలు వేసి పంచుకునేటప్పుడు వాళ్ళకొక పద్ధతుంది. కుప్పలు వేసినవాడు ఆఖర్న తీసుకోవాలి. ముందు కోరుకునే హక్కు ఎదటివాడిది. దొడ్డికీ అదే అన్నాడు కులపెద్ద. కొలత ఆమె పెట్టాలి. ఏ వైపు కావాలో మరిది కోరుకుంటాడు.

వలతాడు తెచ్చారు. ఊరంతా రోడ్డు పక్క ఇంటికి నడిచాం. ఆ ఇంటి పొడవుకి తాడు సాగదీసి ఒక ముడి, వెడల్పుకి ఒక ముడి. ఆ తాడు పట్టుకుని మళ్ళీ ఇసకలోకి. నా కంప్యూటరులో ఈ పని మీట నొక్కితే అయిపోయేది, అంగుళం తేడా లేకుండా. ఒకరూ నన్ను అడగలేదు. నేను తాడు కొస కూడా పట్టుకోలేదు, పట్టుకుంటానంటే ఇచ్చేవాళ్ళు కాదేమో. దొడ్లో నాలుగో వంతు మీద తాడు పరుచుకుంది. మూడొంతులు మిగిలాయి. జనం అప్పుడు నిజంగా నోరు వెళ్ళబెట్టారు.

"ఎటేపురా?" అన్నాడు కులపెద్ద.

మరిది వదిన వైపు చూడకుండా, సముద్రం వైపన్నాడు. ఇంకేమంటాడు?

ఆమె తల ఊపింది. రోడ్డు పక్క ఇల్లు ఆమెదైంది, దొడ్లో మూడొంతులు ఆమెవే. లెక్క చూస్తే ఆమెకే లాభం. అందరూ అదే అన్నారు. సముద్రానికీ ఆమె చేపలకీ నడుమ తాడు కట్టిన ఆ ముక్క ఒకటి అడ్డం నిలబడిందని ఎవరూ పైకి అనలేదు. కాగితం చుట్ట చుట్టి ఆమెకే ఇచ్చేసి బస్సెక్కాను. టీ కొట్టులో ఆ సాయంత్రం, ఏంటి ఇవాళ సంగతులని అడిగితే తలనొప్పిగా ఉందన్నాను.

ఆ తర్వాత మళ్ళీ వెళ్ళింది వానలకి ముందు, మారిన హద్దులు కంప్యూటరులో గీయడం కోసం. దొడ్డి అవతలి కొసన ఇటుకలు దింపి ఉన్నాయి. గోతులు తీసి స్తంభాలు నిలబెట్టారు. గోడ ఇంకా లేవలేదు. ఆవిడ ఎప్పట్లాగే చేపలు పరిచి ఉంది. రోడ్డు పక్క ఇంట్లో గంపలు దాచుకుంటోందట, పడుకోవడం మాత్రం ఇక్కడేనట. మరిది పొద్దున వచ్చి టీ తాగి వెళ్ళాడని చెప్పింది. కోపం ఉన్నట్టు లేదు. స్తంభాల సందుల్లోంచి గాలి వస్తూనే ఉంది. ఆమె మధ్యమధ్యలో తలెత్తి ఆ సందుల వైపు చూస్తోంది.

"గోడ లెగిసినాక గాలి ఇటు దిగుతాదో లేదో, నీ కంప్యూటర్లో సూసి సెప్పగలవా బావూ?"

మామూలుగా అయితే చెప్పేవాణ్ణే. ఎంత గాలి, ఏ మూల నుంచి, ఏ పూట ఎంత, అన్నీ చెప్పేవాణ్ణి. అందులో గాలి ఉండదమ్మా అన్నాను. సరే అన్నట్టు తలాడించి ఆమె అవతలి వరుసకి వెళ్ళింది. నా పని అయిపోయింది, బస్సుకి ఇంకా వేళ కాలేదు. ప్యాంటు మడిచి ఇవతలి వరుస దగ్గర కూర్చుని నేను కూడా చేపలు తిప్పసాగాను. ఆమె రెండుసార్లు నా వైపు చూసి, మూడోసారి ఆగలేక కేకేసింది.

"అలాక్కాదు బావూ. ఈపు ఎండిపోనాది, పొట్ట పైకి తిప్పు."